తోయలేనివాడు

అమీర్‌పేట నుంచి పంజగుట్టకు మెట్రోలో ఒక్కటంటే ఒక్క స్టేషను. ఎక్కి నిలదొక్కుకునే లోపలే దిగాల్సి వస్తుంది. పదేళ్ళుగా ఇక్కడే ఒక లేడీస్ హాస్టల్లో వార్డెనుగా చేస్తున్న చంద్రికకు ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా, స్టేషను మెట్ల దాకా గబగబా వచ్చిన మనిషి, అక్కడ ఖైరతాబాద్ గణపతి దర్శనానికి పోయే జనం కిక్కిరిసి ఉండటం చూసి, అమ్మో ఇంత రద్దీలో ఎప్పటికి ఎక్కాలి అని తనకు తనే చెప్పుకుని, వెనక్కి తిరిగి, స్తంభాల వెంబడి నడవటం మొదలుపెట్టింది. దారిలో షేర్ ఆటో ఆగింది. పంజగుట్ట, పంజగుట్ట అని డ్రైవరు అరిచాడు కూడా, వెనక సీట్లో ఒకరికి చోటుంది కూడా. ఆ చోటు చాలదనుకుంది. చేతిలో ఫోను చెమటకు జారుతోంది. పది నిమిషాల కింద భర్త రాఘవేందర్ అందులో చెప్పిన మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి.

"పరేషాన్ గాకు. పిల్లకు మళ్ల ఫిట్స్ వచ్చినయ్, కాలేజిల. దోస్తులు పంజగుట్ట దవాఖానకు తెచ్చిండ్రు. నేను సుత వచ్చిన, ఇప్పుడు పండుకున్నది. గోలీలు టైముకు ఏస్కుంటదా అని డాక్టర్ అడిగిండు. ఒక్క పూట సుత తప్పలేదని చెప్పిన. జల్ది రా."

ఒక్క పూట తప్పలేదు. నిజమే. రాఘవేందర్ అబద్ధం చెప్పే మనిషి కాదు, ఖైరతాబాద్‌లో ఓ ఆఫీసులో అటెండరుగా ఇరవై ఏళ్ళు చేసి కూడా అబద్ధం చెప్పటం నేర్చుకోలేదు. కూతురు హైందవి స్పృహలో ఉంటే ఆ పిల్లా అదే చెబుతుంది, పొద్దునా రాత్రీ తల్లి కళ్ళ ముందే డబ్బా తెరిచి మాత్ర మింగుతుంది కదా. మింగింది ఏ మాత్ర అన్నది ఈ భూమ్మీద ఒక్క చంద్రికకే తెలుసు. అపవాది పని, ఆ సాతాను పని, అనుకుంది నడుస్తూనే, అలా అనుకోగానే కొంచెం ఊపిరాడింది. యూసుఫ్‌గూడలో ఓ మేడమీద రేకుల షెడ్డులో జరిగే వాళ్ళ ప్రార్థన కూటంలో ఆడవాళ్ళందరికీ ఈ మాట అలవాటు. ఇడ్లీపిండి పులవకపోతే అపవాది, కూటానికి బయలుదేరే వేళకు చుట్టాలు దిగితే అపవాది, వాక్యం వింటుంటే కునుకు పడితే అపవాది. ముందు రోజు మూడు సీరియళ్ళు వరసబెట్టి చూసిన సంగతి మాత్రం లెక్కలోకి రాదు. అంత పనిమంతుడు హాస్టల్లో ఉంటే నలుగురి పని ఒక్కడే చేసిపెట్టేవాడు. భర్త ఫోను పెట్టెయ్యగానే చంద్రిక చేసిన మొదటి పని కూటంలో పెద్దదిక్కు జానకీదేవికి ఫోను చెయ్యటం. భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డు టీచరు ఆవిడ, మంచి మనిషి, ఎవరికి జ్వరం వచ్చినా జావ కాచి తీసుకెళ్ళి ఇచ్చి వస్తుంది. "కంగారుపడకు తల్లీ," అంది. "నీ ఇరవయ్యొక్క రోజుల ఉపవాసం పూర్తికానివ్వకూడదని వాడు అడ్డం పడుతున్నాడంతే. నేనిప్పుడే మోకరిస్తాను, అందరికీ మెసేజ్ పెడతాను." సరే అక్కా అంది చంద్రిక. చెప్పాల్సింది అప్పుడే చెప్పొచ్చు, చెప్పలేదు. ఈపాటికి నలభై మంది ఆడవాళ్ళు వంటిళ్ళలో, బస్సుల్లో కళ్ళు మూసుకుని అపవాది మీదికి గొంతెత్తి ఉంటారు, వాళ్ళ ప్రార్థనకు తప్పు చిరునామా ఇచ్చింది తను. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు కడుపులో, ఎదర నడిచే వాళ్ళ వీపులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. బ్యాగు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

ఏడు గళ్ళ డబ్బా. నీలం రంగుది, ఆదివారం నుంచి శనివారం దాకా గడి మీద వారం పేరు, ఒక్కో గడిలో రెండు అరలు, పొద్దుటికి ఒకటి రాత్రికి ఒకటి. ప్రతి ఆదివారం ఆరాధన అయి ఇంటికి రాగానే, చీర కూడా మార్చుకోకుండా, ఆ డబ్బా నింపటం ఆమె పని. నాలుగేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. హైందవికి పదిహేనో ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చి బాత్రూంలో పడి నుదురు చిట్లినప్పుడు మొదలైంది, ఆ కుట్ల గుర్తు ఇప్పటికీ కనుబొమ పైన ఉంది. అప్పుడే పక్కింటావిడ వెంట కూటానికి వెళ్ళింది చంద్రిక, అప్పటి నుంచీ వెళ్తూనే ఉంది. మందు పడ్డాక మెల్లగా తగ్గాయి, రెండేళ్ళ నుంచి ఒక్కటీ రాలేదు. ఇంకొక్క ఏడాది వేసుకుంటే మెల్లగా తగ్గించి ఆపేద్దాం అన్నాడు డాక్టరు. ఒక్క ఏడాది. కానీ పిల్ల పుస్తకం ముందు కూర్చుని కళ్ళు నలుపుకునేది, అమ్మా ఈ గోలీలతోని చదివింది నిలుస్తలేదే అనేది, దువ్వెన నిండా జుట్టు వచ్చేది, ఆ జుట్టు చుట్ట చుట్టి పారేస్తూ చంద్రిక ఏడ్చేది. అదొక్కటే అయితే బాగుండును. ఇంకోటి కూడా ఉంది, అది తలుచుకుంటే ఇంత ఎండలోనూ సిగ్గేస్తోంది. కూటంలో సాక్ష్యం చెప్పేందుకు నెలకో ఆదివారం ఉంటుంది. లేచి నిలబడి, నాకు ప్రభువు ఫలానా మేలు చేశాడని చెప్పాలి. ఒకావిడ కొడుక్కి వీసా వచ్చింది, ఒకావిడకు కిడ్నీలో రాయి కరిగిపోయింది, నాలుగేళ్ళలో చంద్రిక ఒక్కసారీ లేవలేదు, చప్పట్లు కొట్టటమే. ఇరవయ్యొక్క రోజులు మాత్ర లేకుండా నా బిడ్డ తిరిగింది, వాళ్ళ నాన్నకు తెలియదు, పిల్లకే తెలియదు, అని వచ్చే ఆదివారం మైకులో చెప్పాలనుకుంది. మాటలు కూడా కూర్చుకుంది. ఏ చీర కట్టుకోవాలో కూడా తీసిపెట్టుకుంది. అందుకని పంతొమ్మిది రోజుల కింద, ఆదివారం మధ్యాహ్నం, డబ్బాలోకి ఫిట్స్ మాత్రలకు బదులు, అంతే సైజులో అంతే తెల్లగా ఉండే బలం మాత్రలు పోసింది. తర్వాతి రెండు ఆదివారాలూ పోసింది. తీసిన మాత్రలు పారెయ్యలేదు, కాగితంలో చుట్టి పసుపు డబ్బా వెనక పెట్టింది. స్వస్థత అయిపోయిందని నమ్మిన మనిషి మాత్రలెందుకు దాచుకుంటుందో అప్పుడు అడిగే వాళ్ళు లేరు.

ఫోను మోగింది. రాఘవేందర్. "ఏడున్నవ్? పెద్ద డాక్టర్ వచ్చిండు. గోలీలు సక్కగ ఏస్కున్నా వచ్చినయంటే ఆ మందు ఇగ పనిచేస్తలేదట. బదలాయించి ఏరే మందు సెలైన్ల ఎక్కిస్తరట, అర్ధగంటల షురూ చేస్తరట. గట్టి మందట, కాలేయం చూస్కుంట ఇయ్యాలట. పిల్ల మళ్ల మొదటి నుంచి రెండు మూడేండ్లు వాడాలె. ఏం జేద్దమే?" చంద్రిక నోరు తెరిచింది. అదే సమయానికి వెనక నుంచి డప్పుల మోత దగ్గరపడింది, ట్రాలీ మీద గల్లీ గణపతి, ముందు తీన్మార్ దరువు, "ఇనపడ్తలేదు, చేస్త," అంది, కట్ చేసింది. నిజానికి వినపడుతోంది. ఆయన ఊపిరి పీల్చటం కూడా వినపడింది. అర్ధగంట అన్నాడు. వాచీ చూసుకుంది, నాలుగూ పది.

చూడు, ఎంత అడ్డం పడుతున్నాడో వాడు, ఒక్క మాట చెప్పనివ్వలేదు, ఇదంతా వాడి చప్పుడే, అనుకుంది పళ్ళ బిగువున, రోడ్డంతా వాడిదే అయిపోయింది, ఈ జనం, ఈ దుమ్ము, ఈ ఆగిపోయిన బస్సులు. అంతలో తీన్మార్ ఆడుతున్న వాళ్ళలోంచి ఒకాయన, మెడ మీద చంటిపిల్లను కూర్చోబెట్టుకున్నాయన, ఆమె తూలటం చూసి దరువు దాటి వచ్చి "అక్కా, జర నీడకు రా, నీళ్లు తాగుతవా?" అన్నాడు. మొహం నిండా గులాలు. పిల్ల ఆయన జుట్టు గుప్పిట్లో పట్టుకుని చంద్రికను వింతగా చూసింది. వద్దన్నా, మంచిగనే ఉన్న, అని ముందుకు కదిలింది. చిన్నప్పుడు నాన్న హనుమాండ్లు మెడ మీద తనూ ఇలాగే కూర్చుని వెళ్ళేది, నిమజ్జనం చూడటానికి, ఆయన చెవులు పట్టుకుని. నాన్న చెవులు ఎంత వేడిగా ఉండేవి. ఆయన చనిపోయే దాకా బొట్టు చెరపలేదు, కూతురు ప్రార్థనకు వెళ్తుంటే ఒక్క మాట అనలేదు, నీ నమ్మకం నీది బిడ్డా, అబద్ధం ఆడకుంటే సాలు అన్నాడు. ఈ మెడ మీద పిల్లాయన తన డబ్బాలో చెయ్యి పెట్టాడా? ఈ డప్పులాయన పెట్టాడా? వాళ్ళ పండగ వాళ్ళు చేసుకుంటున్నారు. ఆమె నడక ఇంకా వేగం అయింది, ఎవరో తరుముతున్నట్టు, అంతలోనే, వేగంగా నడిస్తే త్వరగా చేరిపోవాల్సి వస్తుందని గుర్తొచ్చి మళ్ళీ నెమ్మదించింది.

చెబితే ఏమవుతుంది? అసలు చిక్కు అక్కడ ఉంది. రాఘవేందర్ హనుమాన్ భక్తుడు, మంగళవారం ఉల్లిపాయ కూడా ముట్టడు. అయినా ప్రతి గురువారం స్కూటర్ మీద ఆమెను యూసుఫ్‌గూడలో దింపి, కింద చాయ్ బండి దగ్గర గంటన్నర కూర్చుని, మళ్ళీ ఎక్కించుకుని వస్తాడు. తోటివాళ్ళు వెక్కిరిస్తే నవ్వి ఊరుకుంటాడు. నాలుగేళ్ళ కింద ఒక్కటే మాట తీసుకున్నాడు ఆమె దగ్గర, నువ్వెవరినన్నా మొక్కు, పిల్ల గోలీలు మాత్రం ఆపొద్దు. సరే అంది. ఆయన చేతిలో చెయ్యి వేసి మరీ అంది. ఇప్పుడు తెలిస్తే ఆ స్కూటరు ఇంకెప్పుడూ యూసుఫ్‌గూడ వైపు తిరగదు. పోనీ తిరగకపోతే నడిచి వెళ్తుంది, అది కాదు, ఆయన తన మొహం చూడటం మానేస్తాడు. అత్తగారి తరఫు వాళ్ళంతా అంటారు, చూసినవా, మతం మారితే ఇట్లనే, పిల్లను చంపుకునేటిది. ప్రభువు పేరు చెడుతుంది. అందుకోసమైనా చెప్పకూడదేమో, ఆయన నామం కోసం, అనుకుంది, అనుకున్నంతసేపూ అది చాలా భక్తిగా అనిపించింది. కొత్త మందు ఎక్కిస్తే ఎక్కించనీ, పిల్లకు నయమైతే చాలు కదా, పసుపు డబ్బా వెనక ఉన్నవి కాలవలో పడేస్తే సరి, ఎవరికి తెలుస్తుంది. ఇంత తేలిగ్గా అయిపోతుందా పని? కాలేయం, అన్నాడు రాఘవేందర్. మళ్ళీ మొదటి నుంచి, అన్నాడు. పనిచేస్తున్న మందును పనిచేయనిదని తీసేసి పిల్లకు ఇంకో విషం లాంటి మందు ఎక్కిస్తారు, పిల్ల మళ్ళీ రెండేళ్ళు పుస్తకం ముందు కళ్ళు నలుపుకుంటుంది, తను పక్కన కూర్చుని తల నిమురుతుంది. ఆ తల నిమిరే చెయ్యి చంద్రికకు కళ్ళ ముందు కనిపించింది. నిన్ననే హాస్టల్లో ఎవరో పిల్ల ఇస్త్రీపెట్టె ఆన్‌లో వదిలేసి దుప్పటి కాల్చింది, ఆరుగుర్ని నిలబెట్టింది తను, నేను కాదంటే నేను కాదన్నారు, చేసినోళ్ళు చెప్పేదాకా ఎవరికీ వైఫై లేదని కేకలేసింది. అరగంటకు ఒకమ్మాయి, వరంగల్ పిల్ల, ఏడుస్తూ వచ్చి నేనే ఆంటీ అంది. ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు కూడా లేవు.

పంజగుట్ట దగ్గర పడుతున్నకొద్దీ పైన ఫ్లైఓవర్ నీడ రోడ్డు మీద మందంగా పరుచుకుంది, దాని పైన బళ్ళు పోతుంటే కాళ్ళ కింద నేల సన్నగా అదురుతోంది. ఎంత ఎత్తో. పోయిన వారం గురువారం పాస్టరు రాజనర్సయ్య ఎత్తు గురించే ఏదో చెప్పాడు. ఆయన పాత ఆర్టీసీ కండక్టరు, వాక్యం చెప్పినా టికెట్లు కొడుతున్నట్టే చెబుతాడు, గట్టిగా, ముక్కలు ముక్కలుగా, మధ్యలో ఒకరిని లేపి అడుగుతాడు. ఆ రోజు అడిగాడు, "అపవాది ప్రభువును గుడి గోపురం మీదికి తీస్కపోయిండు గదా. అంత పైకి తీస్కపోయినోడు ఒక్క నూకుడు నూకితే అయిపోతుండె. ఎందుకు నూకలేదు? దూకు అని నోటితోని ఎందుకు అన్నడు?" చంద్రిక అప్పుడు ఆకుపచ్చ చీరా గోధుమరంగుదా అని ఆలోచిస్తోంది. రాజనర్సయ్యే చెప్పుకున్నాడు, "చాత కాదు గనుక. పందుల్లకు పోవాల్నన్నా ప్రభువును అడిగి పోయిండు వాడు. కురుపులొచ్చి బూడిదల కూసున్న ఆ పెద్దమనిషిని ముట్టుకోవాల్నన్నా పైనోని పర్మిషన్ దీస్కున్నడు. వానికి చేతుల్లేవమ్మా, నోరే ఉన్నది. బస్సుల నిలబడ్డోన్ని వాడు దిగు అంటడు, దిగేటిది మనమే. గోలీలు ఏస్కునేటోళ్లు ఏస్కోండ్రి, షుగరోళ్లు సుత, దేవుని మీద నెట్టి ఆపకుండ్రి, అపవాది మీద నెట్టి సుత ఆపకుండ్రి." చివరి మాట అందరికీ చెప్పాడు, ఆమె వైపు చూడలేదు కూడా. ఆమె తలూపింది, ఆమెన్ అంది, ఇంటికొచ్చి ఆదివారం డబ్బా మళ్ళీ నింపింది. చేతుల్లేని వాడు ఏడు గళ్ళ మూతలు ఎలా తీస్తాడు? మందుల షాపుకు వెళ్ళి, అంతే సైజు, తెల్లగుండాలె అని కౌంటర్లో అడిగిందెవరు? ఆ పిల్లాడు మూడు రకాలు చూపిస్తే ఒక్కోటీ అరచేతిలో వేసుకుని, ఇది కాదు, ఇది కొంచెం పెద్దగుంది, అని ఏరుకుందెవరు? ఆ అరచెయ్యి ఇదే, ఫోను పట్టుకున్నదే. వాడు మాట్లాడి ఉంటాడు, కాదని అనదు, చెవిలో తియ్యగా మాట్లాడే ఉంటాడు, నీ బిడ్డ, నీ సాక్ష్యం, అందరూ నీ వైపే చూస్తారు అని. కానీ వాడు అన్నంతలో అయిపోలేదు కదా. వాడి హద్దు ఆమె పెదవి దగ్గరే ఆగిపోతుంది, మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి అంతా ఆమె సొంత రాజ్యం. ఇన్నాళ్ళూ వాడికి లేని పెత్తనం ఇచ్చి, తన చేతికి కావాల్సినంత సెలవిచ్చుకుంది. ఇప్పుడూ అంతే. ఎవరు ఆపుతున్నారు ఈ ఫోనును? అరవై శాతం చార్జింగుంది, సిగ్నలు నిండా ఉంది, డప్పులు ఎప్పుడో ఎడంగా పోయాయి. భయమేసింది చంద్రికకు, అపవాదిని తలుచుకుంటే ఎప్పుడూ వెయ్యనంత భయం. ఈ దారి పొడుగునా తనతో పాటు ఇంకొకడు నడుస్తున్నాడనుకుంది, తీరా చూస్తే ఒక్కతే ఉంది. నాలుగూ ఇరవై ఎనిమిది. నడిచి వెళ్ళి నెమ్మదిగా చెప్పేంత వ్యవధి లేదు, ఉంటే మళ్ళీ మాటలు కూర్చుకుంటుంది. ఫ్లైఓవర్ స్తంభానికి ఆనుకుని నిలబడి నంబరు నొక్కింది.

మొదటి రింగుకే ఎత్తాడు రాఘవేందర్. "ఏడిదాక వచ్చినవ్?"

"జర నా మాట ఇను. కొత్త మందు ఎక్కియ్యొద్దని చెప్పు. ఆ మందు పనిచేస్తలేక కాదు, పిల్ల ఏస్కుంటలేదు. పందొమ్మిది రోజులైంది. డబ్బల ఉన్నయి ఫిట్స్ గోలీలు కావు, బలం గోలీలు. పిల్లకు తెల్వది."

అవతల ఎవరిదో స్ట్రెచరు చక్రాల చప్పుడు వినిపించింది, ఎవరో నర్సు ఎవరినో పిలిచింది. తర్వాత ఆయన గొంతు, అంత మెల్లగా ఆయన మాట్లాడటం పెళ్ళయ్యాక ఎప్పుడూ వినలేదు ఆమె. "ఎవలు చెప్పిండ్రే నీకు ఆపుమని? గా పాస్టరా? జానకమ్మనా?"

తలుపు బార్లా తెరిచి పెట్టాడు ఆయన. ఒక్క పేరు అంటే చాలు, ఆ పేరు పట్టుకుని యూసుఫ్‌గూడ వెళ్ళి గొడవపడి వస్తాడు, పాపం మోసపోయింది నా భార్య అనుకుంటాడు, సాయంత్రానికల్లా ఆమెకు చాయ్ పెట్టి ఇస్తాడు. ఆయనకు తోచని మూడో పేరు, అపవాది పేరు, ఆమె నాలుక చివరే ఉంది.

"ఎవ్వలు చెప్పలే," అంది చంద్రిక. "పాస్టర్ సార్ ఏస్కోమనే చెప్పిండు. నేనే తీసిన."

తిడతాడేమోనని ఎదురుచూసింది, తిడితే బాగుండుననిపించింది. ఆయన తిట్టలేదు. "డాక్టర్ గీడనే ఉన్నడు, స్పీకర్ పెడుతున్న," అన్నాడు. "గిప్పుడు చెప్పిందే మళ్ల చెప్పు. పిల్ల లేచింది. అది సుత ఇంటున్నది."

చంద్రిక ఫోను చెవి నుంచి తీసి నోటి దగ్గర పెట్టుకుంది. పక్కనుంచి సిటీ బస్సు హారను కొట్టుకుంటూ పోతోంది, అది పోయేదాకా ఆగలేదు. డాక్టరుకు చెప్పాల్సిందే, కానీ ముందు చెప్పాల్సింది డాక్టరుకు కాదు.

"హైందవీ," అంది. "నేనే బిడ్డా, నేనే చేసిన."